తొలిమాల రాసి ఉన్న రాయి

శాసనాలు చదవడం నాకున్న ఒకే ఒక దురలవాటు. బళ్ళో తెలుగు చెప్పేవాణ్ని. అక్కడ పిల్లలు వినేవారు కాదు, ఇంట్లో నా శాసనం చెల్లేది కాదు. అందుకని ఏనాటి రాజులో వేయించిన శాసనాల వెంట ఆదివారాలు తిరిగేవాణ్ని.

అలా ఇరవై ఏళ్ళ కిందట సత్యవేడు రోడ్డు పక్కన ఒక చిన్న గుడికి వెళ్ళాను. ముఖమండపంలో నిలువెత్తు శాసనం రాయి ఉండేది. మా వైపు గుళ్ళలో గట్టి నల్లరాయే ఎక్కువ. ఇది మాత్రం మెత్తటిది, గోరుతో గీస్తే గీత పడేది.

ఆ గుడికి మాలలు కట్టే ఆమె నాకంటే పదేళ్ళు పెద్ద. అక్కా అని పిలిచాను. ఉత్సవంలో దేవుడికి పడే మొదటి మాల తరతరాలుగా వాళ్ళింటిదే. ఆ సంగతి రాతిలోనే ఉందని వాళ్ళ నాయన చెప్పేవాడట. చదివి చెప్పినవాళ్ళు మాత్రం లేరు.

అక్షరాలు తేలడానికి గుడ్డతో కాస్త శెనక్కాయ నూనె రుద్దాను. పైన ఆరు వరుసలు రాజుగారి బిరుదులు. అడుగున రెండు వరుసల్లో, ఒక ఆడమనిషి గుడికి పూలతోట ఇచ్చిందనీ, ఆమె వంశం వాళ్ళదే తొలిమాల అనీ ఉంది. చదివి వినిపించాను. ఆమె రాయిని తడుముతూ, “మా అవ్వ ఈడుండాది సూడు!” అంది.

బిరుదులన్నీ నోటుపుస్తకంలోకి ఎక్కించేసరికి బస్సు హారన్ వినిపించింది. మిగిలింది రెండు వరుసలే, మళ్ళీ వస్తానుగా అనుకున్నాను. పరుగెత్తబోతుంటే ఆమె అడిగింది.

“నూనె పెడితే రాయి బాగుంటాదా అయివారా?”

“బ్రహ్మాండంగా ఉంటుందక్కా!” అన్నాను. తెలియదనడం నా ఒంటికి పడదు.

మళ్ళీ వెళ్ళింది నిరుడు, అదీ ఆమె నా నంబరు కనుక్కుని ఫోన్ చేస్తే. “కొత్త కమిటీవాళ్ళు తొలిమాల ఎవురైనా ఎయ్యొచ్చంటాండారు. రాతిలో ఉంటే సూపించమన్యారు. నువ్వొచ్చి సదువు అయివారా.”

నేను పోని ఇన్నేళ్ళలో రోడ్డు వెడల్పయి గుడి గోడ దాకా వచ్చింది. ఎదురుగా కంకర క్రషర్ వెలిసింది. లారీలు గుడి ముందే గేరు మార్చి, ఉన్న పొగంతా మండపంలోకి వదిలి పోతున్నాయి. రాయి తారు పూసినట్టుంది. శుక్రవారం శుక్రవారం ఆమె భక్తిగా నూనె పట్టించింది. మిగతా ఆరు రోజులూ ఆ జిడ్డు మీద పొగా దుమ్మూ పేరుకున్నాయి. పొగలోని గంధకం తడితో కలిసి రాతిని తింటుందనీ, తిన్నచోట పెచ్చు కడుతుందనీ తర్వాత ఎక్కడో చదివాను. చదవాల్సిన సమయం దాటాక చదవడంలో నాకు మంచి అనుభవం ఉంది.

కమిటీ పెద్ద కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నేను తడి కాగితం రాయికి అంటించి, అక్షరాల గుంటల్లోకి దిగేలా బ్రష్‌తో తట్టాను. అచ్చు తీసే పద్ధతి అదే. కాగితం లాగితే అడుగు రెండు వరుసలూ పెచ్చులుగా దానితోపాటే ఊడి వచ్చాయి. కింద మిగిలింది రాతిపిండి.

“ఏం సారూ, సదివేదానికి వచ్చినారా, చెక్కేదానికా?” అన్నాడు పెద్ద.

“ఇక్కడ తొలిమాల సంగతి ఉండేదండీ. నేను కళ్ళారా చదివాను.”

“రాసుకున్యారా?”

“రాజుగారి బిరుదులు రాసుకున్నాను.”

వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. “రాజుకు మాల ఎయ్యాలంటే చెప్తాంలే అప్పా!”

“ఆ పూలతోట ఆమె పేరన్నా గుర్తుండాదా?” పెద్ద మళ్ళీ అడిగాడు. అక్క నా మొహం వంకే చూస్తోంది. ఎంత గింజుకున్నా బిరుదులే గుర్తొచ్చాయి. ఏదో ఒక పేరు చెప్పెయ్యొచ్చు. చెప్పలేకపోయాను. దాన్ని నిజాయితీ అనుకోవాలని ఇప్పటికీ ప్రయత్నిస్తున్నాను.

ఆ ఏడు ఉత్సవంలో తొలిమాల క్రషర్ యజమానిది. గుడికి రంగులు వేయించినందుకు అది మర్యాద. తర్వాత కమిటీవాళ్ళవి వరసగా పడ్డాయి. అక్క మాల వంతు వచ్చేసరికి దేవుడి మెడ నిండిపోయింది. పూజారి దాన్ని పాదాల దగ్గర పెట్టాడు.

ఆమె తిడుతుందేమోనని, నిజానికి తిట్టాలనే, పక్కనే నిలబడ్డాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది.

“పొద్దన్నుంచీ ఏమీ తిన్యట్టు లేవు. ఇంటికి పా, అన్నం తిందువు.”

వెళ్ళాను. ఒక్క ముద్ద తిని లేచిపోదామనుకున్నాను. సిగ్గు లేకుండా రెండోసారి కూడా పెట్టించుకున్నాను.