ఇల్లు ఓనర్‌ది, ఎండ అక్కది

మా సందులో బట్టలు కుట్టే టైలరక్క ఇక లేదు. మొన్న ఎండలు ముదిరిన వారంలో కొత్తగూడెం దవాఖానాలో ఆమె గుండె ఆగిపోయింది. కబురు చెప్పిన బావ, అంటే ఆమె భర్త, ఏడుస్తూనే ఇంకో మాట అన్నాడు: "తమ్మీ, ఓనర్‌ను జర అడుగు. అక్కను ఇంటికి తెచ్చుకోనిస్తడా?"

గోడకు ఇవతల నేనూ కిరాయికి ఉండేవాడినే, ఇద్దరికీ ఓనర్ ఒక్కడే. అడిగాను. "పానం పోయినంక ఇంట్లకెట్ల తెస్తరు? రేపు కిరాయికి ఎవడు దిగుతడు? ఇంటి విలువ పడిపోతది," అన్నాడు. కిరాయి ఇళ్లలో మాకు ఇది కొత్త కాదు. ఎవరు పోయినా శవాన్ని గడప దాటి లోపలికి రానివ్వరు. కానీ ఆ ఇంటికి విలువంటూ ఎవరి వల్ల వచ్చిందో సందులో అందరికీ తెలుసు.

అక్క దిగినప్పుడు అది ఇల్లు కాదు, పెనం. పైన స్లాబు, పక్కన పడమటి ఎండ. ఆమేమో పొద్దంతా మిషను ముందు కూర్చునే మనిషి. ఒక ఎండాకాలం ఓర్చుకుంది. మరుసటి ఏడు ఎండలు రాకముందే బావను వెంటేసుకుని స్లాబంతా తెల్లగా సున్నం కొట్టింది. భద్రాచలం నుంచి వెదురు తడకలు తెప్పించి పడమటి కిటికీకి బయటివైపు కట్టింది. లోపల పరదా వేసుకోవచ్చుగా అంటే, "ఎండ లోపలికొచ్చినంక పరదా ఏస్తే ఏం లాభం? బయటనే ఆపాలె," అంది. వెనక గోడకు పైన వెంటిలేటర్ కొట్టించి వేడిగాలికి దారి ఇచ్చింది. పాత ఫ్యాన్లు తీసేసి తక్కువ కరెంటు లాగేవి పెట్టింది. ఆ నెల బిల్లు కొట్టడానికి వచ్చినాయన మీటరు పాడైందేమోనని తట్టి చూశాడు. అక్క ఆ సంగతి సందంతా చెప్పుకుని మురిసిపోయింది.

"కిరాయింటికి ఇంత సోకేందక్కా?" అని ఎగతాళి చేశాను.

సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండానే అంది: "ఇల్లు ఓనర్‌ది తమ్మీ. ఎండ నాది గద."

ఓనర్ కూడా వచ్చి చూశాడు, మెచ్చుకున్నాడు, ఇల్లు మంచిగైందని కిరాయి పెంచాడు. కరెంటులో మిగిలిందంతా అటే పోయింది. నాకు ఒళ్లు మండింది. ఖాళీ చేసెయ్యమన్నాను. "గింత సల్లటి ఇల్లు ఇడిచిపెట్టి ఏడికి పోవాలె? చచ్చేదాక గీడనే ఉంట," అని నవ్వేసింది.

ఆ చల్లదనాన్ని ఆమె ఒక్కతే అనుభవించలేదు. మధ్యాహ్నమైతే సందులో ముసలివాళ్లంతా ఆమె గదిలోనే నడుం వాల్చేవాళ్లు. మా పాపకు ఆటలమ్మ పోసినప్పుడు మా ఇంట్లో ఉడికిపోతోందని అక్కే వచ్చి ఎత్తుకుపోయింది. తగ్గేదాకా మిషను పక్కనే పడుకోబెట్టుకుంది. అంటుకుంటుందని గానీ, గిరాకీ పోతుందని గానీ ఒక్క మాట అనలేదు. ఆ రుణం నేనెప్పటికీ తీర్చుకోలేను.

అట్లాంటి మనిషిని దవాఖానా నుంచి తెచ్చి రోడ్డు మీద దించాం. తారు కరిగి చెప్పులకు అంటుకుంటున్న వేళ టెంటు వేసి, ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు నుంచి వైరు లాగి, ఫ్రీజర్ బాక్సులో పెట్టాం. పది అడుగుల దూరంలో ఆమె చల్లబరిచిన ఇల్లు ఉంది. దానికి ఓనర్ వేసిన తాళం ఉంది. బతికినన్నాళ్లూ కరెంటు వృథా చేయని మనిషి చుట్టూ ఆ బాక్సు గర్రుమంటూనే ఉంది. ఎవరిని తిట్టాలో తెలిసీ తిట్టలేకపోయాను. నా సామానూ ఆయన ఇంట్లోనే ఉంది మరి.

దహనమైపోయినా, కర్మ అయ్యేదాకా మైల ఇంట్లోకి రావొద్దన్నాడు ఓనర్. బావ ఆ టెంటు కిందే ఉన్నాడు. అది ఇంకా విప్పకముందే ఓ మధ్యాహ్నం ఓనర్, బావను మాటైనా అడగకుండా, కొత్తగా పెళ్లైన జంటను వెంటబెట్టుకుని వచ్చాడు.

"శవం ఇంట్లకు రాలే, ఏం ఫికర్ లేదు," అని ముందే చెప్పాడు. "ఏసీ గూడ అక్కర్లే. మే నెలల గూడ సల్లగుంటది. అంత నేనే చేయించిన. చూడుండ్రి."

తలుపు తెరిచాడు. లోపలి చల్లగాలి మెట్లు దిగి వచ్చి బావ పాదాలకు తగిలింది. ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.