రెండు పూతల తారు

మా వైపు గోదావరిని గోదావరి అని సర్కారు కాగితాల్లోనే రాస్తారు. జనానికి అది గంగ. మంథనికి దిగువన ఆ గంగ ఒడ్డున ఏటిగడ్డ అని పాతిక ఇళ్ల పల్లె ఉంది. చుట్టుపట్ల ఎవరి పడవకు తారు పూయాలన్నా ఆ పల్లె నుంచి బెస్త కొమురెల్లి రావాల్సిందే. వానలు తెచ్చే మిరుగం కార్తెకు ఇంకా వారం ఉందనగా పడవను ఒడ్డుకు లాగి బోర్లించేవాడు. సందుల్లో నార కుక్కేవాడు. తారు కాచి, గ్యాసునూనె, అంటే కిరోసిన్, పోసి పలచన చేసి రెండు పూతలు వేసేవాడు. రెండో పూత అయ్యాక అరచేత్తో పడవ కడుపంతా తడిమి చూస్తేగానీ అన్నానికి లేచేవాడు కాదు. ఆ చేత్తోనే ఒక మనిషిని గంగలో కలిపేశానని అతను ఇప్పుడు అనుకుంటాడు. అతనొక్కడి చెయ్యే కాదు, నాదీ ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

నా పేరు రామచంద్రం. కరీంనగర్లో నది లోతులు కొలిచే ఆఫీసులో గుమాస్తాను. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నాను. నా దస్తూరీ చూసి పెద్ద పెద్ద అధికారులు మెచ్చుకునేవారు. అంతలో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. ఒక్క పొద్దున లేచేసరికి ఫైళ్లన్నీ ఇంగ్లీషులోకి మారిపోయాయి. పదిహేనేళ్ల నా చదువు ఎందుకూ కొరగాకుండా పోయింది. కొత్తగా వచ్చిన అధికారులు నాకంటే చిన్నవాళ్లు, దడదడ ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు. నాకు అక్షరాలు వచ్చు, మాటలు రావు. ఆ సంగతి పైకి తెలియకుండా తల ఊపుతూ నెట్టుకొచ్చాను. తల ఊపడంలో నా అంతటివాడు లేడు.

1959లో దసరా వెళ్లాక మా ఆఫీసుకు ఒక రబ్బరు పడవ వచ్చింది. సికింద్రాబాదులో మిలిటరీవాళ్లు వేలం వేసిన పాత సామాన్లలో కొన్నారట. గాలి కొడితే పన్నెండడుగులు పొడవు, గాలి తీస్తే మడిచి ఎడ్లబండిలో వేసుకోవచ్చు. వెనుక బిగించుకోవడానికి ఒక చిన్న పెట్రోలు ఇంజను. మంచిర్యాల దగ్గర బయలుదేరి, ప్రాణహిత వచ్చి కలిసే కాళేశ్వరం దాకా పన్నెండు రోజులు గంగలోనే ఉండి లోతులు కొలుచుకు రావాలని ఓవర్సీరు గారికి హుకుం. చెరువులో షికారు చేసే బొమ్మలాంటి ఆ పడవను అంత ప్రయాణానికి తయారుచేసే మనిషి కావాలన్నారు. నేను కొమురెల్లి పేరు చెప్పాను.

పడవతో పాటు డబ్బాలో ఒక అచ్చు కాగితం వచ్చింది. రెండు వైపులా ఇంగ్లీషు. ఓవర్సీరు గారు దాన్ని విప్పనైనా విప్పకుండా నా బల్ల మీద పడేసి, "చదివి, ఆ పడవవాడికి తెలుగులో చెప్పు" అన్నారు. తల ఊపాను. ఆ సాయంత్రం దాన్ని ముందేసుకుని కూర్చున్నాను. 'బోటు', 'ఎయిర్', 'ఇంజన్' అనేవి గుర్తుపట్టగలిగాను. పక్క సీటులోని కుర్రవాణ్ణి అడగొచ్చు. అడిగితే రేపు ఆఫీసంతా నవ్వుతుంది. గాలి ఎలా కొట్టాలో చెప్పే కాగితమే అయి ఉంటుంది, గాలి కొట్టడం ఎవరికి రాదు అనుకున్నాను. కింద పొట్టి సంతకం పెట్టి ఫైలులో కుట్టేశాను.

పడవను ఏటిగడ్డకు పంపాం. పది రోజుల తర్వాత చూడ్డానికి వెళ్తే నేను గుర్తు కూడా పట్టలేకపోయాను. రబ్బరుకు కాళ్ల ఒరిపిడి తగలకుండా అడుగున వెదురు తడక అల్లి పరిచాడు. ఇంజను బరువుకు వెనుక భాగం వంగకుండా టేకు చెక్క చెక్కి అమర్చాడు. పెట్రోలు డబ్బాలకు తడి గోనెపట్టా చుట్టి నడుమ కట్టాడు. మంచినీళ్ల కుండకు ఈత చాప గూడు, లంగరుకు వలలో కట్టిన రాయి, రెండు తెడ్లు, ఒక గడ, గాలికొట్టే తిత్తి, అతుకుల సామాను పెట్టిన బిస్కెట్ల డబ్బా. ఇంజను ఊడి గంగలో పడినా పోకుండా దాన్ని పడవకు మోకుతో కట్టాడు. రెండు పక్కలా వరసగా ఎండిన ఆనపకాయ బుర్రలు, పక్కకు పది చొప్పున, నులకతో బిగించాడు. మా వైపు పిల్లలు ఈత నేర్చేది ఆ బుర్రలు నడుముకు కట్టుకునే.

"గాలిని నమ్మరాదు సారూ. గాలి పోయినా గీ బుర్రలు మునుగనియ్యవు" అన్నాడు కొమురెల్లి.

అతని పక్కన చెల్లెలు ఐలవ్వ తారు డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. ఓవర్సీరు గారి వెంట పడవలో వెళ్లేది కొమురెల్లి, ఆమె మొగుడు అంతయ్య. బావా బావమరుదులిద్దరూ చిన్నప్పటి నుంచి ఒక్క పడవ మీదే బతికారు. తారు గట్టిపడుతోందని కొమురెల్లి అంటే ఐలవ్వ ఇంట్లోకి వెళ్లి, బుడ్డి దీపానికి దాచుకున్న గ్యాసునూనె సీసా తెచ్చి మొత్తం వంపింది.

"దీపం ఎట్లనే మరి?" అని నవ్వాడు అంతయ్య.

"నువ్వు మంచిగ తిరిగొస్తె దీపమెందుకు? నీ మొకం సూస్కుంట కూసుంట" అంది ఐలవ్వ. ఆ మాటకు అందరం నవ్వాం.

రబ్బరు పడవ కడుపంతా నల్లగా నిగనిగలాడుతోంది. రెండు పూతలు. కొమురెల్లి అరచేత్తో నిమిరి, "ఇగ సుక్క నీరు దిగదు" అన్నాడు. నేనూ చెయ్యి వేసి చూశాను, బాగుంది అన్నాను.

బయలుదేరే రోజు పెద్ద ఇంజనీరు గారు జెండా ఊపడానికి వస్తున్నారని, ఫొటో తీస్తారని తెలిసింది. ఓవర్సీరు గారు మంచిర్యాల ఒడ్డుకు వచ్చి పడవ చూసి నెత్తి కొట్టుకున్నారు.

"ఏమయ్యా, ఇది సర్కారు పడవా, సంతకు పోయే కూరగాయల బండా? ఆ బుర్రలన్నీ పీకెయ్!"

"అవ్వి ఉండనీ సారూ. గంగల మడుగులున్నయ్, బండలున్నయ్. జర ఇనుండ్రి" అన్నాడు కొమురెల్లి.

"నాకు నువ్వు చెప్తావా? పీకెయ్యమంటే పీకెయ్!"

కొమురెల్లి నావైపు చూశాడు. నేను ఇసుక వైపు చూశాను. ఇరవై బుర్రలూ కోసి ఒడ్డున కుప్ప పోశాడు. ఫొటో బాగా వచ్చింది.

మొదటి రెండు రోజులు ప్రయాణం హాయిగా సాగిందట. మూడోనాటి నుంచి పూటపూటకూ గాలి కొట్టాల్సి వచ్చింది. రబ్బరు మెత్తబడినట్టుంది, ఎండకేమో అనుకున్నాడు కొమురెల్లి. ఐదోనాడు మిట్టమధ్యాహ్నం, లోతైన మడుగు దాటుతుండగా ఎడమ పక్క అతుకు బారెడు పొడవున విచ్చుకుంది. ఆ పక్క గాలంతా ఒక్కసారే పోయింది. పడవ ఒరిగి, ఇంజను జారి నీళ్లలో పడి, మోకుతో పడవనూ కిందికి లాగసాగింది. ఓవర్సీరు గారికి నీళ్లలో తేలే బెండు చక్రం ఉంది, దాన్ని పట్టుకుని తేలారు. తేలుతూ "ఇంజను! ఇంజను పట్టుకోండి!" అని అరిచారు. అంతయ్య చేపలాంటి ఈతగాడు. సర్కారు సామాను పోతుందని మునిగాడు. ఇంజనుకు కట్టిన మోకు అతని కాలికి చుట్టుకుంది. కొమురెల్లి నాలుగుసార్లు మునిగి, ఐదోసారి మోకు కోసి పైకి తెచ్చాడు. అప్పటికే ఆలస్యమైంది.

పడవ బండకు తగిలి చినిగిందని ఆఫీసులో కాగితం తయారైంది. దాన్ని చక్కగా నకలు రాసింది నేనే. కొమురెల్లిని ఇంకెప్పుడూ సర్కారు పనికి పిలవలేదు.

ఏటిగడ్డలో మాత్రం ఎవరూ ఆ బండను నమ్మలేదు. బుర్రలు పీకించినందుకే అంతయ్య పోయాడని ఊరంతా అన్నది. ఐలవ్వ మొగుడి పడవను తనే నడపడం మొదలుపెట్టింది. రోజూ గంగలో తెడ్డు వేసే ముందు ఓవర్సీరును తిట్టేది. వాని చేతులు పడిపోను, వాని ఇంట్ల దీపం ఆరిపోను అని. కొమురెల్లి పక్కనే ఉండి వినేవాడు. ఆ తిట్లే ఆ అన్నాచెల్లెళ్లను ఏడేళ్లు నిలబెట్టాయి. తిట్టడానికి ఒక మనిషి ఉండడం ఎంత ఆసరానో నాకు అప్పుడు తెలియదు.

1966లో కొమురెల్లి ఒక పాత లారీ ట్యూబు సంపాదించాడు. దాని మీద కూర్చుని వల వేద్దామని. అతుకు వేయించడానికి మంథనిలో జబ్బార్ పంక్చర్ దుకాణానికి తీసుకెళ్లాడు. అతుకు పడ్డాక, "ఇంటికి పోయి రెండు పూతల తారు పూస్త, ఇగ ఫికరుండదు" అన్నాడు.

జబ్బార్ చేతిలో పని ఆపేశాడు. "అరే కొమురెల్లి భాయ్, దిమాఖ్ ఉన్నదా? రబ్బరుకు తారు పూస్తరా ఎవలన్న? గ్యాసునూనె తాకితే రబ్బరు ఉబ్బుతది, అతుకులు ఊడొస్తయి. వారం గూడ ఆగది."

కొమురెల్లి ఆ ట్యూబును అక్కడే వదిలేసి బస్సెక్కి కరీంనగర్ వచ్చాడు. నేను అన్నం డబ్బా విప్పుతున్నాను. లోపలికి వచ్చి, నిలబడే అడిగాడు.

"సారూ, గా పడవ తోటి ఒక కాయితం వచ్చె గద. అండ్ల ఏమున్నది?"

ఎందుకని అడిగాను. జబ్బార్ మాట చెప్పాడు. అన్నం డబ్బా మూసేశాను. ఈ ఏడేళ్లలో డిపార్టుమెంటు పరీక్ష కోసం కొట్టుకుని కొట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఫైలు తీశాను. మొదటి వైపు మధ్యలో, నల్లని పెద్ద అక్షరాలతో ఉంది. నూనె, తారు, కిరోసిన్ ఈ పడవకు తగలనీయరాదు, తగిలితే అతుకులు విడిపోవును. దాని కిందే నా పొట్టి సంతకం.

అబద్ధం చెప్పొచ్చు. గాలి సంగతులే ఉన్నాయని చెప్తే నమ్మేవాడు. కానీ బస్సు చార్జీ పెట్టుకుని, అన్నం తినకుండా వచ్చి నా ఎదుట నిలబడ్డ మనిషి. చదివి, తెలుగులో చెప్పాను. ఏడేళ్ల కిందట చెప్పాల్సిన మాట.

అతను కాగితాన్ని తనవైపు తిప్పుకున్నాడు. తర్వాత సంతకం మీద వేలు పెట్టాడు.

"గీ దస్కతు ఎవలది?"

"నాదే."

"మరి గప్పుడు సదువలేదా సారూ?"

"చదవరాలేదు, కొమురెల్లీ. ఇంగ్లీషు రాదు నాకప్పుడు."

"ఎవల్నన్న అడుగకపోతివా?"

"సిగ్గయింది."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. అతను కింద కూర్చుని తన రెండు అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. "బుర్రలు పీకిచ్చిండని ఆయన్ని తిడితిమి. పూసింది నేను. నా బావను నేనే సంపుకున్న" అన్నాడు. నేనూ ఉన్నాను కదా అందులో అన్నాను. అది అతనికి వినపడలేదు.

వెళ్లేముందు గుమ్మంలో ఆగి, చేతులు జోడించాడు. నాకు చేతులు జోడించాడు. ఆ దండం ఇంకా నన్ను కోస్తూనే ఉంది.

"సారూ, గీ ముచ్చట మా చెల్లెకు తెల్వద్దు. గ్యాసునూనె పోసింది అది. తెలిస్తె బతుకది."

మరుసటి ఏడాది మిరుగానికి ముందు నేను ఏటిగడ్డకు వెళ్లాను. పనేమీ లేదు. ఊరికే ఉండలేక పోయాను. ఐలవ్వ పడవ ఒడ్డున బోర్లించి ఉంది. కొమురెల్లి తారు పూస్తున్నాడు. ఏడాదిలో పదేళ్ల ముసలితనం వచ్చేసింది మనిషికి. ఐలవ్వ పక్కన నిలబడి గ్యాసునూనె పోస్తోంది. చెక్క పడవే కాబట్టి తప్పేమీ లేదు. అయినా ఆమె సీసా వంచిన ప్రతిసారీ అతను కళ్లు మూసుకోవడం చూశాను.

నన్ను చూసి ఆమె అలవాటుగా ఓవర్సీరు తిట్లు అందుకుంది. "అవును" అన్నాడు కొమురెల్లి. "వాడే సంపిండు అన్నా" అంది ఐలవ్వ. "అవును చెల్లె." ప్రతి మాటకూ అవునన్నాడు. నేనూ తల ఊపాను. నాకు బాగా వచ్చిన పని.

రెండో పూత అయ్యాక అతను పడవను తడమలేదు. చేతులు ఇసుకలో రుద్దుకుని లేవబోయాడు. ఐలవ్వ సీసా పైకెత్తి చూసింది. అడుగున ఇంకా కొంచెం ఉంది. ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"అన్నా, నాకెప్పుడొక్క రంది ఉంటది. గా రబ్బరు పడవకు రెండే పూతలేస్తిమి. నేను ఇంకొక సీసా తెచ్చి మూడో పూత ఏయిస్తే నా మొగడు బతుకునా?"

కొమురెల్లి నావైపు చూడలేదు. తారు అంటిన చేతిని వెనక్కు పెట్టుకున్నాడు.

"లేదు చెల్లె. నువ్వు తెచ్చింది సరిపోయింది."