ఇద్దరి తూకం

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో కాటా మొరాయిస్తే షంషుద్దీన్‌కే కబురు వెళుతుంది. ఒకరి దగ్గర నేర్చిన పని కాదు. విప్పుతూ, బిగిస్తూ పట్టుకున్నాడు.

ఇంటి వరండాలోనూ ఒక కాటా ఉంది. అది భార్య జహీరా కోసం. కండరాలు ఒక్కొక్కటే పట్టు వదిలేసే ఏఎల్ఎస్ జబ్బు ఆమెకు ముందు మాట లేకుండా, తరవాత మింగుడు లేకుండా చేసింది. ఏలూరులో పొట్టకు గొట్టం వేసి పంపేటప్పుడు డాక్టరమ్మ ఒకటే చెప్పింది: "మీ ఆవిడ బరువు తగ్గనివ్వకండి. ఈ జబ్బులో బరువు నిలబడితేనే మనిషి ఇంకొన్నాళ్లు నిలబడేది."

అందుకే శుక్రవారం నమాజు నుంచి వచ్చాక ఆమెను చేతుల మీద ఎత్తుకుని కాటా ఎక్కుతాడు. వచ్చిన అంకెలోంచి తన డెబ్భై రెండు కిలోలూ తీసేస్తాడు. మిగిలింది జహీరా.

కొన్ని నెలలుగా ఆ మిగిలింది తరుగుతోంది. గొట్టంలో పోసే ఆహారం తనంతట తానే పెంచాడు. ఆమెకు కడుపుబ్బరం, వాంతులు. పోస్తే ఒక భయం, మానితే ఇంకో భయం. చెప్పుకుందామంటే గుమ్మం తొక్కేవాళ్లు లేరు. మింగలేని మనిషి ముందు వండుకు తినడం తప్పనిపించి పొయ్యి వెలిగించడమే మానేశాడు. బజార్లో నిలబడి టీ, బన్ను. మధ్యాహ్నం జహీరా కళ్లు వంటగది వైపు తిరిగితే, పక్కకి ఒత్తిగిలించమంటోందనుకునేవాడు.

ఆ వారం మార్కెట్లో ఉల్లి వ్యాపారి భీమశంకరం కొట్లో కాటా బాగుచేశాడు. తూనికరాళ్లు పెట్టి చూస్తే సరిగ్గా ఉంది. అలవాటు కొద్దీ తానూ ఎక్కాడు. అరవై ఏడు.

దిగి మళ్లీ రాళ్లు పెట్టాడు. తేడా లేదు. మళ్లీ ఎక్కాడు. అరవై ఏడే.

"ఏవండీ షంషుద్దీన్ గారూ, కాటా తప్పా, మీరు తప్పా?" భీమశంకరం నవ్వాడు. "బెల్టుకి కొత్త చిల్లు పొడిచినప్పుడైనా తెలీలేదాండీ?"

"తప్పు నాదేనండీ. సరుకు తూకంలోంచి తీసేసే ఖాళీ గోనెని ఎప్పటికప్పుడు తూచుకోమని మీకు చెప్తాను. నన్ను నేను తూచుకోలేదండీ."

ఇంటికెళ్లి ముందు ఒక్కడే ఎక్కాడు. తరవాత ఆమెతో ఎక్కాడు. ఈసారి తన అరవై ఏడే తీసేస్తే, జహీరా ఏమీ తగ్గలేదు.

"తగ్గింది నువ్వు కాదు, నేను," అన్నాడు.

ఆమె అతన్ని చూసింది. కళ్లు వంటగది వైపు తిప్పి అక్కడే నిలిపింది.

"వండుకోమంటావా?"

కనురెప్పలు ఒకసారి మూసి తెరిచింది. అవునని గుర్తు.

"నీ ఎదురుగానే తినమంటావా?"

మళ్లీ మూసి తెరిచింది.

గొట్టంలో డాక్టరమ్మ చెప్పిన పాత కొలతే పోశాడు. అన్నం, ఉల్లిపాయల పులుసు వండుకుని కంచంతో మంచం పక్కన కూర్చున్నాడు. ఉప్పెక్కువైంది. ఆ మాట అనాల్సిన మనిషి చూస్తూనే ఉంది. "ఉప్పెక్కువైంది," అని ఆమె బదులు తనే అని, రెండో ముద్ద కలుపుకున్నాడు.