నాయిన వంకాయ

సికింద్రాబాద్‌లోని విత్తన పరీక్షా కేంద్రంలో నాకు పని నేర్పిన మేడమ్, ఏ మొక్క ఆకు తుంచినా ముందు దాన్ని పలకరించేవారు: "నువ్వెవరి బిడ్డవే?" ఆ తర్వాతే డీఎన్ఏ తీసేవారు.

ఒకసారి ఒక రైతు వంగనారు తెచ్చాడు. పోయిన తండ్రి ఏళ్ళ తరబడి కాపాడిన ఆ రకాన్ని తండ్రి పేరు మీద నమోదు చేయించాలని ఆయన ఆశ. పరీక్షకు తీసిన మొక్కల డీఎన్ఏ గుర్తులు మాత్రం బజారులో దొరికే మామూలు రకంతో అచ్చంగా కలిశాయి.

"అంటే మా నాయిన వంకాయ ఇగ లేనట్టేనా మేడమ్?" అని అడిగాడాయన.

"విత్తనం ఏడనో కలిసిపోయుంటది. జెర ఆగుండ్రి, మిగిలిన మొక్కలు సుత చూస్త," అన్నారు మేడమ్.

నారంతా విడివిడిగా పరీక్షించారు. వాటిలో ఒక్క మొక్క మాత్రం మా దగ్గరున్న ఏ రకంతోనూ కలవలేదు.

"గిది వేరే. మీ నాయినదే అయ్యుంటది. పైలంగ పెంచుండ్రి."

ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాడు.

కాపు వచ్చాక ఫోన్ చేశాడు. "మేడమ్, కూర వండినం. మా అమ్మ ఒక్క ముద్ద తిని, 'గిది మీ నాయిన వంకాయేరా' అన్నది."

"మళ్ళొకసారి చెప్పుండ్రి," అంటూ మేడమ్ స్పీకర్ పెట్టి, మమ్మల్నందరినీ చేయి ఊపి దగ్గరికి పిలిచారు.