అత్తగారి చేతిలో చప్పుడు

పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో మా అత్తగారి కుడిచేతి వేళ్ళు చల్లబడటం మొదలైంది. చూపుడువేలి కొన నీలంగా మారింది. చర్చిలో పక్కన కూర్చునే ఆవిడ, వేలు తీసేస్తారని చెప్పి పుణ్యం కట్టుకుంది. ఆ రోజు నుంచి అత్తగారు ఆ చేతిని కొంగులోనే దాచుకుని తిరిగేవారు.

మామగారు పాస్టరుగా చేసి పోయారు. అయినా ఊరంతా ఈవిడను పాస్టరమ్మగారనే పిలిచేది. పాస్టరమ్మగారు పెరట్లో గడ్డివామి వెనక చుట్ట కాలుస్తారని మా ఇంట్లో అందరికీ తెలుసు. మాకు తెలుసన్న సంగతి ఆవిడకు తెలియనివ్వకపోవడం మా ఇంటి మర్యాద. వాసన వస్తే పొయ్యి పొగ అనుకోవాలని, కాపురానికి వచ్చిన కొత్తలోనే మా ఆయన నాకు పాఠం చెప్పారు. వామి అంటుకోకపోవడం మాత్రం దేవుడి దయ.

బెజవాడలో ఒక డాక్టరుగారి దగ్గర, చేతి రక్తనాళాల చప్పుడు వినిపించే అల్ట్రాసౌండ్ మిషను ఉందంటే, కంకిపాడులో బస్సెక్కించి తీసుకెళ్ళాను. పరీక్ష అనగానే ఆవిడ పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. దీనికి పస్తు అక్కర్లేదని, సూదీ నొప్పీ ఉండవని డాక్టరుగారు నవ్వారు. ముంజేతి మీద చల్లటి జిగురు రాసి, కలంలాంటిది ఆనించారు. ఎడమచేతిలోంచి జట్కాబండి పరుగెత్తినట్టు చప్పుడొచ్చింది. అది తనదేనా అని అత్తగారు మురిసిపోయారు. కుడిచేతిలో గుసగుస మాత్రమే వినిపించింది.

పొగాకు అలవాటుందా అని డాక్టరుగారు అడిగారు. అబ్బే, అన్నారు అత్తగారు. నేను సీలింగు ఫ్యాను చూస్తూ నిలబడ్డాను.

పొగ తాగితే నాళాలు బిగుసుకుంటాయని, తాగివస్తే పరీక్ష తప్పు చూపిస్తుందని, దాన్ని నమ్మితే లేనిపోని కోతల దాకా పోవచ్చని ఆయన విసుక్కోకుండా చెప్పారు. అత్తగారు నా వైపోసారి, తన వేలి వైపోసారి చూశారు.

"ఇందాక మీ గోడ పక్కన ఒకటి కాల్చాను బాబూ. ధైర్యానికి."

మమ్మల్ని చాలాసేపు వసారాలో కూర్చోబెట్టి మళ్ళీ విన్నారు. చప్పుడు కాస్త పెరిగింది గానీ ఎడమచేతికి సాటి రాలేదు. నాళం సన్నబడిందని, చుట్ట మానేస్తే వేలు దక్కుతుందని, మానకపోతే తన పూచీ లేదని తేల్చేశారు.

తిరుగు బస్సులో అత్తగారు రొండిన దోపుకున్న చుట్టల కట్ట తీసి నా ఒళ్ళో పెట్టారు. ఇంట్లో ఎంతమందికి తెలుసని అడిగారు. అందరికీనండీ, నేను కాపురానికి రాకముందు నుంచీనట అన్నాను, నవ్వు ఆపుకుంటూ. ఆవిడ నవ్వలేదు. ఆ వేలే నిమురుకుంటూ కూర్చుని, కంకిపాడులో దిగేముందు అడిగారు.

"మరి ఒక్కళ్ళైనా మానమని చెప్పలేదేమే?"