మా జేజినాయన ఆపిన బొమ్మ

నా చిన్నప్పుడు మా ఇంట్లో సిరా వాసన రాని చోటు వంటగది ఒక్కటే. వీధి వైపు రెండు గదుల్లో మా తాత, మా వైపు మాటలో జేజినాయన, అచ్చాఫీసు నడిపేవాడు. పెళ్లిపత్రికలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు వేసుకుంటూ, ఆ రాబడితో ప్రతి శనివారం నాలుగు పేజీల వారపత్రిక తెచ్చేవాడు. అప్పటికే ఆలూరు చుట్టుపక్కల కంప్యూటర్లు వచ్చేశాయి. మా ఇంట్లో మాత్రం ఇంకా సీసపు అక్షరాలూ, మోటారు బిగించిన పాత ట్రెడిల్ అచ్చు మిషనూ ఉండేవి. ఆ మిషన్ నడిపే ఆయన్ని నేను మిషన్ మామ అనేదాన్ని. నేను పుట్టకముందు నుంచీ ఆయన అక్కడే ఉన్నాడు. పట్టుబట్టలు చుట్టిన వెండి హస్తం మా ఊరి పెద్ద పీరు. పీర్ల పండక్కి దాన్ని పీర్లు ఉంచే చావిడి నుంచి ఎత్తుకుని ఊరేగించేది మామ కుటుంబమే.

అచ్చు మొదలుపెట్టినప్పుడు తొలి కాగితాల మీద సిరా ఎక్కువో తక్కువో పడి పాడవుతాయి. వాటిని బల్ల కింద పడేసేవారు. శుక్రవారం బడి నుంచి రాగానే ఆ కట్ట ఎత్తుకుని వీధి చివర బజ్జీల అవ్వకు ఇచ్చి రావడం నా అలవాటు. అవ్వకు చదువు రాదు, చూపు కూడా అంతంతమాత్రమే. ఒక్కో కాగితాన్ని నడిమికి చింపి, రెండు ముక్కల్లోనూ బజ్జీలు కట్టేది. నాకు నాలుగు మిరపకాయ బజ్జీలు ఇచ్చేది. తీసుకుపొమ్మని నాకెవరూ చెప్పేవారు కాదు, నేనూ ఎవరినీ అడిగేదాన్ని కాదు.

ఆ ఏడాది ఎక్కడో దూర దేశంలో ఒక పత్రిక మతానికి సంబంధించిన బొమ్మలు వేసిందని గొడవలు జరుగుతుండేవి. టీవీలో మంటలు చూపించేవారు. మా ఊళ్లో గొడవ వేరు. పీర్ల పండుగ, ఆంజనేయస్వామి గుళ్లో అఖండ భజన ఇంచుమించు ఒకేసారి పడ్డాయి. చావిడి మీద నాలుగు మైకులు కడితే గుడి మీద ఆరు కట్టారు. మర్నాటికి చావిడి మీద ఎనిమిది అయ్యాయి. పదో తరగతి పరీక్షలు దగ్గరికొచ్చాయి. మా వీధిలో ఒక అక్క చెవుల్లో దూది పెట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని చదువుకునేది.

మా బడి డ్రాయింగ్ సారుకు ఒళ్లు మండి ఒక బొమ్మ గీసి మా జేజినాయనకు ఇచ్చాడు. అందులో ఎడమ వైపు ఆంజనేయస్వామి రెండు చెవులూ మూసుకుని తోక పైకెత్తి ఊరవతలికి పరుగెడుతున్నాడు. కుడి వైపు కాళ్లు మొలిచిన పీరు పట్టుబట్టలు ఎగగట్టి అటే పరుగెడుతోంది. నడిమధ్యలో వాళ్ల వెనకాలే పదో తరగతి పిల్లలు పుస్తకాలు పట్టుకుని, ఆగండి, మేమూ వస్తాం అంటున్నారు. మా జేజినాయన దాన్ని చూసి పగలబడి నవ్వాడు. ఆదోనికి పంపి అచ్చు కోసం బ్లాకు, అంటే బొమ్మ చెక్కిన చిన్న లోహపు దిమ్మ, చేయించాడు.

జేజినాయన భార్య, మా జేజి మాత్రం నవ్వలేదు. ప్రతి మంగళవారం ఆ గుడికి వెళ్లి ప్రదక్షిణలు చేసే మనిషి ఆమె. "సముద్రం దాటిన సామి, మైకుకు భయపడి పారిపోతాడా?" అని మాత్రం అంది.

గురువారం మొదటి పేజీ అచ్చు మొదలైంది. రెండు దస్తాలు, అంటే యాభై కాగితాల దాకా పడ్డాక మా జేజినాయన గదిలోంచి వచ్చి ఒక కాగితం చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మోటారు ఆపమన్నాడు.

"జనం నమ్మకాల మీద మనకు గౌరవం ఉండల్లప్పా. ఈ బొమ్మ వద్దు, తీసెయ్."

మిషన్ మామ ముఖం వెలిగిపోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది. "మా పీరుకు కాళ్లు పెట్టింది నాకూ కష్టంగానే ఉండె సార్. పత్రిక మీది, నేనేం చెప్పేదని ఊరకుంటి" అన్నాడు. బొమ్మ స్థానంలో విత్తనాల ప్రకటన పెట్టి పత్రిక పూర్తి చేశారు. నేను వంటగదిలోకి వెళ్లాక, పడిన రెండు దస్తాలూ కాల్చేయమన్నాడు మా జేజినాయన.

మామ కాల్చలేదు. మా వైపు దేవుడి పటం పాతబడితే ఎవరూ నిప్పులో వేయరు, పారే నీళ్లలో కలుపుతారు. సామీ పీరూ ఉన్న కాగితాలకు అగ్గి పెట్టడానికి ఆయనకు చేతులు రాలేదు. ఆదివారం కాలువకు తీసుకెళ్లి నీళ్లలో వదులుదామని బల్ల కింద దాచాడు. ఆ మాట మా జేజినాయనకు చెప్పలేదు. శుక్రవారం సాయంత్రం నేను బడి నుంచి వచ్చి, ఆ కట్ట ఎత్తుకుని, ఎప్పటిలాగే అవ్వ దగ్గరికి వెళ్లాను. కట్ట ఎక్కువగా ఉందని అవ్వ ఆ రోజు ఆరు బజ్జీలు ఇచ్చింది.

శనివారం పదిగంటలప్పుడు గుడి తరఫు మనుషులు వచ్చారు. ఇరవై మంది ఉంటారు. ముందున్నవాడి చేతిలో నూనె మరకల కాగితం ముక్క ఉంది. నడిమికి చిరిగిన ఆ ముక్కలో పిల్లల బొమ్మ పోయి, ఆంజనేయస్వామి ఒక్కడే పరుగెడుతున్నాడు. వంటగది గుమ్మంలో నిలబడి ఉన్న నేను ఆ మరకలు చూడగానే అది అవ్వ బజ్జీలు కట్టిన కాగితమని గుర్తుపట్టాను.

"ఏమప్పా పెద్దాయనా, మా సామి యాడికి పోతాండాడు? ఎవరికి భయపడి పోతాండాడు? చెప్పు!"

మా జేజినాయన ఆ ముక్క చేతిలోకి తీసుకుని దిక్కుతోచక చూస్తుండగానే వీధి అవతలి నుంచి కేకలు వినిపించాయి. చావిడి తరఫు మనుషులు వస్తున్నారు. వాళ్ల దగ్గరా ఒక ముక్క ఉంది. అందులో పీరు ఒక్కటే ఉంది. "మా పీరుకు కాళ్లు పెట్టినోడు ఎవడు? వాన్ని బయటికి పంపు!" అని ఒకాయన అరుస్తున్నాడు. ఆయన మా ఇంట్లో ఎన్నోసార్లు టీ తాగిన మనిషే.

అప్పుడు మా జేజినాయనకు అర్థమైంది. "రెండూ కలిపి చూడండప్పా! ఒకసారి ఆ ముక్క ఇట్లియ్యండి, కలిపి చూడండి!" అని గొంతు చించుకున్నాడు. ఎవరూ ఇవ్వలేదు. నా ముక్క ముందు, నా దెబ్బ ముందు అన్నట్టు తోసుకున్నారు. మొదటి రాయి ఎవరు వేశారో నాకు తెలియదు. అది మిషన్‌కు తగిలి గంట కొట్టినట్టు మోగింది. ఆ తర్వాత రెండు గుంపులూ ఒకటిగా లోపలికి దూకాయి. ఆ ఏడాదంతా మా ఊళ్లో రెండు పక్షాలూ కలిసి చేసిన పని అదొక్కటే.

అక్షరాల పెట్టెలు ఎత్తి మురుగు కాలువలో కుమ్మరించారు. మిషన్ చక్రాన్ని గడ్డపారతో కొట్టి బీటలు తెచ్చారు. మా జేజినాయనను చొక్కా పట్టుకుని గోడకేసి కొట్టారు. కింద పడ్డాక పక్కటెముకల మీద తన్నారు. ఎండిన కట్టెలు విరిగితే వచ్చే చప్పుడు మనిషి లోపలి నుంచి రావడం నేను మొదటిసారి అప్పుడే విన్నాను. మా జేజి రెండు చేతులతో నా నోరు మూసి పట్టుకుంది. తన నోరు మూసుకోవడానికి ఆమెకు మూడో చెయ్యి లేదు. అరుస్తూనే ఉంది.

గీసినవాడి పేరు చెప్పమన్నారు. "గీసినోనితో మీకేం పని? ఈడ ఏసేది నేను, ఆపేది నేను. నన్ను కొట్టండి" అన్నాడు మా జేజినాయన. పత్రికలో వేయలేదని ఒక్క మాట చెబితే సరిపోయేది. అది నిజం కూడా. కానీ వేయకపోతే కాగితాలు బయటికెట్లా వచ్చాయని అడుగుతారు. అప్పుడు మామ దొరుకుతాడు, లేదా ఇంట్లో ఇంకెవరో దొరుకుతారు.

ఇంతలో బ్లాకు కోసం వెతకడం మొదలైంది. దాన్ని మిషన్ మామ గుప్పిట్లో పట్టుకుని మూలకు ముడుచుకుని కూర్చున్నాడు. ఇవ్వమన్నారు. ఇవ్వలేదు. చావిడి మనిషే ఒకడు, మామను చిన్నాయనా అని పిలిచేవాడు, "ఇడువు చిన్నాయనా, ఇడువు" అని బతిమాలాడు. ఇవ్వలేదు. వేరొకడు మిషన్ ఇనుప కడ్డీ ఊడబెరికి, ఆయన చేతిని బల్ల మీదికి లాగి, మూడు దెబ్బలు కొట్టాడు. రక్తం నల్లటి సిరాలో కలిసి బల్ల అంచు నుంచి కారింది. వేళ్లు నలిగిపోయినా గుప్పిట విడలేదు. చివరికి కొట్టినవాడికే భయమేసి కడ్డీ పారేశాడు.

పోలీసులు అంతా అయ్యాక వచ్చారు. వాళ్లు అడిగిందీ గీసినవాడి పేరే.

ఆ సాయంత్రం పక్కటెముకలకు కట్టు కట్టించుకుని మా జేజినాయన మంచం మీద పడుకుని ఉన్నాడు. మిషన్ మామ పక్కన నేల మీద కూర్చున్నాడు. కట్లు కట్టిన ఆయన కుడిచెయ్యి గుమ్మడికాయంత ఉంది. నేను వెళ్లి కాగితాలు అవ్వకు ఇచ్చింది నేనేనని చెప్పేశాను. ఏడుపులో మాట సరిగా రాలేదు. మామ అడ్డుపడి, కాల్చకుండా దాచింది తనేనని చెప్పాడు.

మా జేజినాయన నన్ను మంచం దగ్గరికి పిలిచాడు. ఊపిరి తీసుకుంటే నొప్పి, అందుకే ఆగి ఆగి మాట్లాడాడు. "నువ్వు బజ్జీల కోసం ఇచ్చినావు. ఈయప్ప భక్తితో దాచినాడు. అబద్ధం చెప్పింది నేనే. గౌరవమని చెప్పి ఆపినా కదా ఆ పొద్దు. గౌరవం లేదు, గాడిదగుడ్డు లేదు. టీవీలో ఆ మంటలు చూసినప్పటినుంచి భయం పట్టుకున్యాది నాకు. భయపడేది తప్పు కాదులే, ఎవరికైనా భయమైతాది. దానికి గౌరవమని పేరు పెడితే ఈయప్ప నమ్మి సంతోషపడె సూడు, అది తప్పు."

మామ తన చేతి కట్టు వైపు చూశాడు. "నేనూ పత్రిక కోసం గుప్పిట మూయలేదు సార్. కింద పడితే సామినీ పీరునూ తొక్కుతారని పట్టుకున్నా" అన్నాడు.

తర్వాతి వారం ఆ బొమ్మను పూర్తిగా వేయాలని మా జేజినాయన నిర్ణయించాడు. మురుగు కాలువలోంచి అక్షరాలు ఏరి తెచ్చాం. మా జేజి వాటిని కిరసనాయిల్‌తో కడిగింది. "అచ్చరాలు కడుగుతా. ఆ బొమ్మ జోలికి మాత్రం నేను రాను" అని ముందే చెప్పింది. బీటలు వారిన చక్రానికి ఇనుప పట్టీ వేయించారు. మా జేజినాయన మామను ఇంటికి పొమ్మన్నాడు. నీకు నచ్చని పని నీ చేత చేయించను, నేనే వేసుకుంటానన్నాడు.

"మీరేస్తే సిరా ముద్దలు ముద్దలుగా పడుతుంది. అట్లాంటి దానికి రెండోసారి తన్నిచ్చుకుంటారా?" అని మామ ఎడమచేత్తో బ్లాకు బిగించాడు. బిగించాక అన్నాడు, "మా ఇంటికి మాత్రం ఒక్క కాగితం గూడా పంపొద్దు సార్."

నాలుగు పేజీలకు శక్తి లేదు. ఒకే ఒక్క కాగితం వచ్చింది. పైన బొమ్మ, కింద మా జేజినాయన రాసిన నాలుగు మాటలు. ఈ బొమ్మను పోయిన వారం ఆపాను. మీ మీద గౌరవంతో ఆపానని నా వాళ్లకు చెప్పాను. అది అబద్ధం, భయపడి ఆపాను. మీలో ఎవరూ దీన్ని పూర్తిగా చూడలేదు, ఇప్పుడు చూసి తిట్టాలనిపిస్తే తిట్టండి.

దాంతో ఊరు మారిపోయిందని రాయాలని ఉంది. అలా జరగలేదు. టీ అంగడి దగ్గర కొందరు నవ్వారు. పదో తరగతి పిల్లలు దాన్ని పుస్తకాల్లో దాచుకున్నారు. మా ఇంట్లో టీ తాగిన ఆ చావిడి మనిషి కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. కానీ పూర్తిగా చూసినా కోపం తగ్గనివాళ్లూ ఉన్నారు. వాళ్ల కోపం దొంగదని నేననను, మా జేజికీ మిషన్ మామకూ కూడా ఆ బొమ్మ నొప్పి కలిగించింది. ఆదివారం పొద్దున వాకిట్లో పళ్లు తోముకుంటున్న మా జేజినాయన మీదికి గోడ అవతలి నుంచి రాళ్లు వచ్చాయి. ఒకటి ఎడమ కంటికి తగిలింది. కర్నూలు పెద్దాసుపత్రిలో పదకొండు రోజులు ఉంచారు. కన్ను పోయింది. ఎండాకాలానికి పత్రిక ఆగిపోయింది. మైకులు మరుసటి ఏడాదీ మోగాయి. డ్రాయింగ్ సారు ఆసుపత్రికి వచ్చి, స్టేషన్‌కు వెళ్లి తన పేరు చెప్పేస్తానని ఏడ్చాడు. మా జేజినాయన చెప్పనివ్వలేదు. అందుకే నేనూ ఇక్కడ ఆ పేరు రాయడం లేదు.

ఆసుపత్రిలో ఒక మధ్యాహ్నం అడిగాను, వేయకుండా ఉంటే కన్ను ఉండేది కదా అని. "ఉండేది" అన్నాడు. నా వైపు తిరిగి, "మీ మామ ముఖం చూసేదానికి రెండు కండ్లు ఉండేవి, ధైర్యం ఉండేది కాదు" అన్నాడు.

నేను పెరిగి దినపత్రికలోనే చేరాను. ఇన్నేళ్లుగా డెస్కులో కూర్చుని ఏ బొమ్మ అచ్చుకు పోవాలి, ఏది ఆగాలి అని తేల్చే మనుషుల్లో నేనూ ఒకదాన్ని. కొన్ని బొమ్మలు మనిషిని నొప్పించడానికే గీస్తారు. వాటిని నచ్చకే ఆపుతాను, ఆ మాటే చెబుతాను. మిగతావి ఆపేటప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు పాఠకుల మనోభావాలు అంటారు, సంయమనం అంటారు. నేను మాత్రం గీసినవారిని పిలిచి, నాకు భయమేసి తీసేస్తున్నానని ముఖం మీదే చెబుతాను. కొత్తగా చేరిన చిన్నవాళ్లు మొదట్లో నవ్వేవారు. ఆ మాట నోటితో పలకడం ఇప్పటికీ తేలిక కాదు. కొన్నిసార్లు అలా పలికాక, తీసేసిన బొమ్మను మళ్లీ పేజీలో పెట్టాను. ఎక్కువసార్లు పెట్టలేదు.