లతీఫా బేగం గీయించిన బొమ్మ

“మా వాడు ఇంటిల్లిపాదినీ గీశాడు. అందరికీ చేతులున్నాయి, నాకే లేవు. నేనంటే వాడికి భయమేమో?”

లతీఫా బేగం నా చేతికి గాజులు ఎక్కిస్తూ ఈ మాట విన్నది. “చేతులే లేకుంటే నా గాజులు ఎవలు కొంటరు బిడ్డా?” అన్నది. నాకు నవ్వు రాలేదు. వాడికి నాలుగేళ్లు. పిల్లల బొమ్మల్లో ఏమేం దాగి ఉంటాయో ఫోన్లో చదివి చదివి నిద్ర పాడు చేసుకుంటున్నాను.

లతీఫా బేగం పుట్టిల్లు మొగుళ్లపల్లి. పెళ్లయి స్టేషన్ ఘన్‌పూర్ వచ్చింది. భర్త అక్తర్ పోయాక ఆయన గాజుల పెట్టె ఎత్తుకుని వారపు అంగళ్లు తిరిగింది. కొడుకు రఫీ ఆటో నడిపేవాడు. నిరుడు రఘునాథపల్లి దగ్గర లారీ గుద్ది చనిపోయాడు. ఆరేళ్ల కూతురు అల్ఫియా అదే ఆటోలో ఉండి బతికింది. కోడలు కహ్కషాన్ పొద్దున్నే రైలెక్కి వరంగల్‌లో బట్టల దుకాణానికి పోతుంది. పిల్ల నాయనమ్మ దగ్గరే ఉంటుంది. హారన్ మోగితే చెవులు మూసుకునే పిల్లను లతీఫా బేగం పెట్టె పక్కన కూర్చోబెట్టుకుని, రంగు రంగు గాజులు వేరు చేయించేది. ఈ మధ్యే మళ్లీ బడికి పోతోంది.

మేం మాట్లాడుకుంటుండగా వాళ్ల వాకిట్లో రాకేశ్ బండి ఆగింది. సోషల్ వర్క్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాడు. మనసుకు తగిలిన దెబ్బలు, కుటుంబ సంబంధాలు అతని అంశం. చావు జరిగిన ఇల్లు ఎక్కడుందో కనుక్కుని బిస్కెట్ పాకెట్‌తో దిగుతాడు. ఇంతకుముందు వచ్చినప్పుడల్లా, నాన్న కింద పడ్డప్పుడు నీకేమనిపించిందని అల్ఫియాను అడిగాడు. అతను వెళ్లిన ప్రతి రాత్రీ పిల్ల పక్క తడిపింది. ఆ తడిని కొలిచే ప్రశ్న మాత్రం అతని దగ్గర లేదు.

ఈసారి ఫలితం తెచ్చాడు. అల్ఫియా చేత గీయించిన కుటుంబం బొమ్మ మా ముందు పెట్టాడు. ఎవరికీ కళ్లు లేవు, ముక్కు లేదు. ఇంట్లో ఆప్యాయత కరువై పిల్ల మనుషుల్ని చెరిపేస్తోందని, కొన్నాళ్లు హాస్టల్లో ఉంచడం మంచిదని జిల్లా బాలల సంక్షేమ ఆఫీసుకు రాస్తున్నానని చెప్పాడు. బహుమతి ప్రకటిస్తున్నంత సంబరం ఆ గొంతులో. నా మణికట్టు మీద లతీఫా బేగం చెయ్యి ఆగిపోయింది.

ఆమె అల్ఫియాను పిలిచి, మొఖాలు ఎందుకు గీయలేదని అడిగింది.

“ఆపా వద్దన్నది దాదీ. పిల్లికి గీస్తేనే తిట్టింది.”

ఆపా అంటే అరబ్బీ చదువు చెప్పే ఆమె. ప్రాణమున్న వాటికి ముఖం గీయొద్దని ఆమె దగ్గర చదివే పిల్లలందరికీ చెబుతుంది. రాకేశ్ చిరునవ్వు నవ్వాడు. పిల్లలు అసలు కారణం దాచుకుంటారట. అలా దాచడం కూడా ఒక లక్షణమేనట. నేను రసాయనశాస్త్రం చదువుకున్నాను. లిట్మస్ కాగితం ఎర్రబడ్డా ఆమ్లమే, నీలమైనా ఆమ్లమే అని రాసే విద్యార్థిని మా ల్యాబ్‌లోంచి బయటికి పంపేవారు. ఇతనికి డాక్టరేట్ ఇవ్వబోతున్నారు.

లతీఫా బేగం అతని చేతికి ఒక కాగితం ఇచ్చింది. “నాయినా, నువ్వు గూడ మీ ఇల్లు గియ్యి. తప్పు, ఒప్పు ఏం లేదని పిల్లకు నువ్వే చెప్పినవ్ గద.”

పెద్దమనసు చేసుకున్నట్టు గీశాడు. తను, భార్య, బాబు, చివర్న బండి. బండికి అద్దాలు కూడా పెట్టాడు.

“మీ అమ్మేది?”

“జాగ సరిపోలేదు అవ్వా.”

“బండికి సరిపోయిందిగ. పాపం, ఆమెను ఏ హాస్టల్ల ఏద్దాం?”

అతని ముఖం మాడిపోయింది. తొందరలో గీశానని, దానికి అర్థమేమీ లేదని అన్నాడు. పిల్ల బొమ్మకూ అదే వర్తిస్తుందన్న చిన్న సంగతి తట్టడానికి అంత చదువు ఏమాత్రం సాయపడలేదు. కాగితం తీసుకోబోతే లతీఫా బేగం దాని మీద గాజుల పెట్టె పెట్టింది.

“నా పిల్ల బొమ్మ నాకియ్యి. మీ అమ్మ లేని బొమ్మ నువ్వు తీస్కపో. ఆఫీసుకు రాస్తే రెండూ కలిపి రాద్దాం.”

రాకేశ్ అల్ఫియా బొమ్మ ఇచ్చి, తనది మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆఫీసు నుంచి ఎవరూ రాలేదు. అతను మొగుళ్లపల్లి వైపు చావు జరిగిన ఇళ్లు వెతుకుతున్నాడని తర్వాత విన్నాం. అక్కడా బిస్కెట్లు తీసుకుపోయే ఉంటాడు.

అతని బండి మలుపు తిరిగాక లతీఫా బేగం నా చెయ్యి మళ్లీ పట్టుకుంది.

“నీ కొడుకు గీసేటప్పుడు పక్కన కూసో బిడ్డా. ఎర్ర రంగు అడిగితే ఎర్రది అందియ్యి. ఎందుకు గీసినవ్ అని అడగకు. అడిగినవనుకో, రేపటిసంది నీకోసం గీస్తడు, వాని కోసం కాదు.”

వాడు ఇప్పటికీ నాకు చేతులు గీయడం లేదు. ఎర్ర రంగు అడుగుతున్నాడు. అందిస్తున్నాను.